నాటకం కబురు ముందురోజే వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది చందానగర్. మా ఇంట్లో పేపర్ ముందు మా నాన్నగారి చేతికే వెళ్తుంది, ఆయన చదివాకే మాకు. ఆయనకి 78 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లెటూరు, చిన్నప్పట్నుంచి పరిషత్తు నాటకాలూ తెల్లవార్లూ ఆడే పద్యనాటకాలూ చూసి పెరిగిన మనిషి, అమ్మ పోయాక నాలుగేళ్ల నుంచి మా దగ్గరే ఉంటున్నారు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున పేపర్ మడిచి పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి నాకు ఒక ఫోటో చూపించారు. స్టేజీ మీద తొమ్మిదిమంది వరసగా నిలబడి ఉన్నారు, మధ్యలో ఒకాయనకి శాలువా కప్పుతున్నారు, కింద అందరి పేర్లూ హోదాలూ ఉన్నాయి, వార్త ఆఖర్లో ఒక్క ముక్క, "అనంతరం ప్రదర్శించిన పద్యనాటకం ప్రేక్షకులను ఆకట్టుకుంది" అని. ఏం నాటకం, ఎవరు వేశారు, ఎక్కడి సమాజం, ఏమీ లేదు. అది హరిశ్చంద్ర కాటిసీను అని రెండ్రోజుల తర్వాత మా వీధిలో ఉండే రిటైర్డ్ మాష్టారు చెబితే తెలిసింది. ఆ ఆదివారం సాయంత్రం మేం ఎక్కడికీ వెళ్లలేదండీ, ఇంట్లోనే టీవీ ముందు కూర్చుని ఉన్నాం. నాన్నగారు ఒక్క మాటే అన్నారు, "నిన్ననేనంట అమ్మా, తెలిస్తే మెట్రో ఎక్కి వెళ్లొచ్చేవాళ్లం" అని. ఆ మాట నన్ను వదల్లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను అడిగేది ఒక్కటే. ఈ చలికాలం మన సిటీలో ఏ హాల్లో ఏ నాటకం పడుతుందో ముందురోజే, కుదిరితే శనివారం పేపర్లోనే ఆ వారానికంతా కలిపి వేయండి. అయిపోయాక ఫోటో వేస్తే మాలాంటి వాళ్లకి ఏం లాభం చెప్పండి, చూసినవాళ్లు ఎలాగూ చూశారు, చూడనివాళ్లం ఇంక చూడలేం.

ఇప్పుడు అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కదా పేపర్ దాకా ఎందుకు అంటారేమో. నేనూ అలాగే అనుకుని బుక్‌మైషో తీసి వెతికాను. అందులో హైదరాబాద్‌లో నాటకాలని కొడితే ఇంగ్లీషువి వస్తాయి, హిందీవి వస్తాయి, స్టాండప్ కామెడీలు బోలెడు వస్తాయి, తెలుగు నాటకం ఎప్పుడో ఒకటి. నాటకాలు లేక కాదు, మన తెలుగు నాటకాలు ఎక్కువగా "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే". టికెట్ లేనిది టికెట్లమ్మే యాప్‌లోకి ఎందుకొస్తుంది? కరపత్రం వేసి తెలిసినవాళ్లకి పంచుకుంటారు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకుంటారు, ఆ గ్రూపుల్లో ఉండేది మళ్లీ నాటకాలాడే వాళ్లూ వాళ్ల చుట్టాలే. బయటివాళ్లకి, నాలాగా ఆఫీసుకెళ్లి వచ్చి ఆదివారం ఎక్కడికన్నా వెళ్దామనుకునే వాళ్లకి, ఆ కబురు చేరే దారి పేపర్ ఒక్కటే. సినిమా గురించి మీరు రాయకపోయినా ఊరంతా తెలుస్తుంది, నాటకం గురించి మీరు రాయకపోతే ఎవరికీ తెలియదు.

ఇంకో విషయం చెప్పాలి. మూడేళ్ల కిందట మా వాడికి ఆరేళ్లప్పుడు సురభి నాటక సమాజం వాళ్ల మాయాబజార్‌కి తీసుకెళ్లాం. అది కూడా పేపర్ చూసి కాదు, మా ఆఫీసు సెక్యూరిటీ అన్న ఇల్లు లింగంపల్లిలో సురభి కాలనీ పక్కనే, ఆయన చెబితే తెలిసింది. వాడు అప్పటిదాకా కార్టూన్లు తప్ప ఇంకోటి చూడడు, పావుగంట కూర్చుంటే గొప్పే అనుకుని చివరి సీట్లు చూసుకుని కూర్చున్నాం, మధ్యలో లేచి రావాల్సొస్తే ఎవరికీ అడ్డం కాకుండా. స్టేజీకి ఒక పక్కన హార్మోనియం, తబలా. తెర లేచింది, ఉద్యానవనం. ఒక తెర దిగి ఇంకో తెర లేచేలోపల, అంటే మనం రెండుసార్లు కళ్లార్పేలోపల, వనం పోయి రాజమందిరం వచ్చేసింది, స్తంభాలూ గోడలూ అన్నీ గుడ్డ మీద రంగులతో వేసినవే, అయినా దూరంగా ఇంకా గదులున్నట్టే కనపడుతుంది. ఘటోత్కచుడు వచ్చేటప్పుడు నిప్పు లేచి పొగ కమ్మింది, మా వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత పెళ్లి వంటల సీను. ఘటోత్కచుడు నోరు తెరిచి కూర్చున్నాడు, పళ్లెంలో లడ్డూలు ఒక్కోటి వాటంతట అవే లేచి గాల్లో తేలుకుంటూ పోయి ఆయన నోట్లో పడుతున్నాయి. మా వాడు కుర్చీ ఎక్కి నిలబడిపోయాడు. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. దిగమని నేను అననూ లేదు, ఎందుకంటే పక్కన నాన్నగారు కూడా సీటు అంచుకి జరిగి నోరు తెరుచుకుని చూస్తున్నారు, తాతా మనవడూ ఒక్కలాగే ఉన్నారు ఆ నిమిషంలో.

అయిపోయాక నాన్నగారు వాణ్ణి చెయ్యి పట్టుకుని స్టేజీ వెనక్కి తీసుకెళ్లారు, పాతకాలం మనిషి కదా, నటుణ్ణి కలిసి బాగుందని చెప్పకుండా రావడం ఆయనకి తెలీదు. అక్కడ ఘటోత్కచుడు బెంచీ మీద కూర్చుని కిరీటం పక్కన పెట్టుకుని టీ తాగుతున్నాడు, ఇద్దరు ఆడవాళ్లు ఇందాకటి రాజమందిరాన్ని చాప చుట్టినట్టు వెదురు బొంగుకి చుట్టేస్తున్నారు. మా వాడు లడ్డూలెలా ఎగిరాయని అడిగాడు. అక్కడున్న ఒక పెద్దాయన నవ్వి ఒక లడ్డూ తెచ్చి వాడి చేతిలో పెట్టాడు, దానికి నల్లటి సన్న దారం, లైటుకి అడ్డంగా పట్టి చూస్తే గానీ కనపడనంత సన్నం. కిటుకు తెలిసిపోతే వాడి సరదా పోతుందేమోనని నేను భయపడ్డాను గానీ వాడికి ఇంకా పిచ్చెక్కింది, ఇంటికొచ్చి వారం రోజులు కుట్టుమిషను దారాలన్నీ అవగొట్టాడు.

సురభి సంగతి మీకు తెలియదని కాదు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో ఒక పెళ్లిలో కీచకవధ ఆడడంతో మొదలైంది, వనారస గోవిందరావు గారి కుటుంబం. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో ఆ ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. ఒకప్పుడు పదుల సంఖ్యలో సురభి సమాజాలు ఊరూరా డేరాలు వేసుకుని తిరిగేవి, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు పాతవే ఆడుకుంటూ కూర్చున్నారనుకోవడం కూడా తప్పు, కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్లతో భీష్మ, చండీప్రియ చేయించారు, జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకాన్ని మన బస్తీకి తెచ్చి బస్తీ దేవత యాదమ్మ చేయించారు. సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లన్నీ పెద్దగా రాశాయి, 2022లో ఆయన పోయినప్పుడూ రాశాయి. సంతోషమే. కానీ ఆయన సమాజం వచ్చే ఆదివారం ఎక్కడ ఆడుతుందో రాసే చోటు మాత్రం పేపర్లో ఉండదు, నా బాధ అదీ.

ఏప్రిల్ 16న కందుకూరి వారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు వ్యాసాలు వస్తాయి, 1880లో వ్యవహార ధర్మబోధిని ఆడించారని, 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడారని. అవన్నీ నేను చదువుతాను, దాచుకుంటాను కూడా. ఆ ఒక్కరోజు పెట్టే స్థలంలో సగం, నాటకాలు జోరుగా పడే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వారానికి నాలుగు లైన్ల చొప్పున పంచినా చాలు, బతికున్న నాటకానికి నలుగురు జనం వస్తారు.

చలికాలమే అని ఎందుకు పట్టుకున్నానంటే సాయంత్రాలు చల్లగా ఉంటాయి, వాన భయం లేదు, పిల్లలకి క్రిస్మస్ సంక్రాంతి సెలవులు, ఊళ్లనుంచి చుట్టాలొస్తారు, ఎక్కడికి తీసుకెళ్లాలో తెలీక అందరం మాల్‌కీ జనవరి వచ్చిందంటే నుమాయిష్‌కీ పోతాం. నుమాయిష్‌కి వెళ్లొద్దనను, నేనూ ఏటా వెళ్తాను. కానీ నాంపల్లి దాకా వచ్చినవాళ్లకి అక్కడికి దగ్గర్లోనే తెలుగు యూనివర్సిటీ ఎన్టీఆర్ కళామందిరం ఉందనీ, కాస్త ముందుకెళ్తే రవీంద్రభారతి ఉందనీ, ఆ పూట అక్కడ నాటకం ఉందనీ తెలిస్తే పది కుటుంబాల్లో ఒక్కటన్నా అటు తిరగదా. రవీంద్రభారతి 1961లో ఠాగూర్ శతజయంతికి కట్టింది, ఇప్పటికీ మంచి రోజున అక్కడ వెనక వరసలో కూర్చున్నా పద్యం చెవి పక్కనే పాడినట్టుంటుంది. మెట్రోకి లక్డీకాపూల్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి కూడా ఇప్పుడు మెట్రో ఉంది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సాంఘిక నాటకాలు పడుతుంటాయి. ఈ నాలుగు హాళ్ల వివరాలు వేసినా సగం పని అయిపోయినట్టే.

తెలుగు ఒక్కటే రాయమని కూడా అనను. ఇది హైదరాబాద్, మన ఊరి నాటకానికి చాలా భాషలున్నాయి. బబ్బన్ ఖాన్ గారి అద్రక్ కే పంజే 1965లో ఇక్కడ మొదలై పదివేల సార్లకు పైగా ఆడింది, మన దక్కనీ ఉర్దూలో, బోలెడు పిల్లలతో జీతం చాలని గుమాస్తా కథ. మా నాన్నగారు ఉద్యోగం పని మీద హైదరాబాద్ వచ్చినప్పుడు చూశారట, సగం మాటలు అర్థం కాకపోయినా నవ్వి నవ్వి కడుపునొప్పి వచ్చిందని ఇప్పటికీ చెబుతారు. ఖాదర్ అలీ బేగ్ ఫౌండేషన్ వాళ్ల నాటకోత్సవం ఉంటుంది, దానికి బయటి ఊళ్ల నుంచి పేరున్న నటులొస్తారు కాబట్టి ఇంగ్లీషు పేపర్లు బాగానే రాస్తాయి, తెలుగు చదివేవాళ్లకి కూడా చెప్పండి, కాస్తోకూస్తో ఉర్దూ హిందీ అర్థంకాని వాళ్లెవరున్నారు ఇక్కడ. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నుంచి నడుస్తోంది, బండరాళ్ల మధ్య పాత ఇల్లు, ఆకాశం కిందే కూర్చుని చూడాలి, డిసెంబర్లో వెళ్తే శాలువా తీసుకెళ్లండి. అక్కడ చిన్న చిన్న గ్రూపుల కుర్రవాళ్లు వేసే నాటకాలు నాకు చాలా ఇష్టం, సెట్లుండవు, రెండు స్టూళ్లూ ఒక లైటూ, నటుడు మనకి మూడడుగుల దూరంలో చెమటలు కక్కుతుంటాడు. కొన్ని బాగోవు, ఆ మాట కూడా చెప్పాలి. బాగున్నవి మాత్రం మర్చిపోలేం.

ఇప్పుడు కాస్త కష్టం కలిగించే మాట రాస్తాను, ఎవర్నీ నొప్పించాలని కాదు. రెండేళ్ల కిందట ఒక హాల్లో, పేరు వద్దులెండి, కృష్ణరాయబారం అని తెలిసి నాన్నగారినీ మా వాణ్ణీ తీసుకుని వెళ్లాను. ఆరు గంటలకన్నారు. మేం ఐదున్నరకే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాం. ముఖ్య అతిథి రావడమే ఏడైంది. జ్యోతి వెలిగించారు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు, శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు, మళ్లీ ఆలస్యంగా వచ్చిన వాళ్లని స్టేజీ మీదకి పిలిచి వాళ్లకీ శాలువాలు. నేను కూర్చున్న చోటి నుంచి వింగ్ సందులో కృష్ణుడు కనపడుతున్నాడు. కిరీటం, పించం, ముఖానికి నీలం రంగు, అంతా సిద్ధంగా నిలబడి ఉన్నాడు, మాటిమాటికీ చేతిరుమాలుతో చెవుల కింద చెమట అద్దుకుంటున్నాడు రంగు చెరిగిపోకుండా. అరవై దాటిన మనిషిలా ఉన్నాడు. నిలబడి నిలబడి ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదకి మారుతున్నాడు, కూర్చుంటే పంచె కుచ్చిళ్లు నలుగుతాయనేమో. నాటకం మొదలయ్యేసరికి ఎనిమిదీ పది. సభకి వచ్చినవాళ్లు సభ అవ్వగానే లేచి వెళ్లిపోయారు, హాలు సగం ఖాళీ. ఆ ఖాళీ కుర్చీల ముందే ఆయన రాగం ఎత్తాడండీ, నాన్నగారు వన్స్ మోర్ అని అరిచారు, నా పెళ్లినాడు కూడా ఆయన గొంతు అంత పెద్దగా వినలేదు నేను. కృష్ణుడు ఒక్క క్షణం నాన్నగారి వైపు చూసి, చిన్నగా తల వంచి, మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు. మర్నాడు మా వాడికి పరీక్ష, తొమ్మిదిన్నరకి లేచి వచ్చేయాల్సొచ్చింది. రాయబారం పూర్తిగా చూడలేదు. ఆ మెట్లు దిగేటప్పుడు నాన్నగారు ఏం మాట్లాడలేదు, లోపల్నుంచి పద్యం వినిపిస్తూనే ఉంది.

సభ వద్దని నేననడం లేదు. హాలు అద్దె, లైట్లు, మైకులు, ఊళ్ల నుంచి వచ్చే నటుల ఖర్చులూ ఎవరో దాత ఇస్తేనే నాటకం పడుతోంది, అలాంటివాళ్లని గౌరవించుకోవాలి. మీరు చేయగలిగింది ఏంటంటే, వేసేటప్పుడు రెండు టైములు వేయండి. సభ ఇన్నింటికి, నాటకం ఇన్నింటికి. పేపర్లో అచ్చయిన టైముకి విలువుంటుంది, ఏడింటికి నాటకమని వందమంది చదివి వస్తే నిర్వాహకులు కూడా ఏడింటికి తెర ఎత్తాలనే చూస్తారు. ముసలివాళ్లూ పిల్లలూ ఉన్నవాళ్లు మెట్రో టైము చూసుకుని ప్లాన్ చేసుకుంటారు.

మాకు ప్రెస్‌నోట్ రాకపోతే ఎలా వేస్తాం అని మీ రిపోర్టర్లు అనొచ్చు, అది నిజమే. ఒక వాట్సాప్ నంబరు పేపర్లో వేయండి, గురువారం లోపు వివరాలు పంపితేనే శనివారం వేస్తామని చెప్పండి. నాటకం పేరు, రాసినవాళ్లు, డైరెక్టర్, సమాజం పేరూ ఊరూ, హాలు, తెర లేచే టైము, టికెట్ ఉందా లేదా, ఎంతసేపు, చిన్నపిల్లలు చూడొచ్చా. ఒక్కో నాటకానికి మూడు లైన్లు. నాటకాలవాళ్లు పంపుతారు, పంపకుండా ఎందుకుంటారు, పాపం వాళ్లు ఎదురుచూసేదే దానికోసం.

అలాగే నాటకం అయ్యాక రాసే వార్తలో ఆరు లైన్లు నాటకం మీద రాయండి. శాలువా ఫోటో పక్కన చిన్నదైనా సరే నాటకంలో సీను ఫోటో ఒకటి. శుక్రవారం రిలీజైన సినిమాకి ఆ సాయంత్రానికే రేటింగ్ ఇస్తారు, హీరో బాగా చేశాడా సెకండాఫ్ లాగ్ ఉందా అన్నీ రాస్తారు. నాటకం గురించి మాత్రం ఎప్పుడూ "ఆకట్టుకుంది", "అలరించింది" ఈ రెండే మాటలు. బాగోకపోతే బాగోలేదని రాయండి, ఏం పర్లేదు, చూసి రాశారన్న గౌరవం ఉంటుంది అందులో. కాటిసీనులో జాషువా గారి పద్యాలు పాడతారు కదా, అవి హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి వారి నాటకంలోవి కావు, నటులే తెచ్చి కలుపుకున్నారు, జనం దాన్నే అడుగుతారు ఇప్పటికీ. ఆ రోజు ఆ నటుడు ఆ పద్యం ఎలా ఎత్తుకున్నాడు, ఎన్ని వన్స్ మోర్‌లు పడ్డాయి, తబలా ఆయన ఎవరు, ఇలాంటివి రాస్తే వెళ్లలేకపోయిన మా నాన్నగారి లాంటి వాళ్లు పదిసార్లు చదువుకుంటారు. ఆ సోమవారం పేపర్‌ని ఆయన నిజంగానే భూతద్దం పెట్టి వెతికారండీ, నటుల పేర్లు ఎక్కడన్నా ఉన్నాయేమోనని.

చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. ఈ చలికాలం పిల్లలుంటే సురభి ఒక్కటన్నా చూపించండి, మాయాబజార్ గానీ పాతాళభైరవి గానీ ఏది దొరికితే అది, ముందు వరసలో కూర్చోండి, మాలాగా వెనక్కి పోకండి. పెద్దవాళ్లుంటే పద్యనాటకానికి తీసుకెళ్లండి, వాళ్ల పెదాలు నటుడితో పాటు కదులుతుంటాయి, అది చూడ్డానికన్నా వెళ్లాలి. ఉచితం కదాని మధ్యలో వెళ్లి మధ్యలో రాకండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోండి, అయ్యాక ఒక్క నిమిషం ఆగి స్టేజీ వెనక్కి వెళ్లి బాగుందని చెప్పి రండి.

ఈ శనివారం నుంచే మొదలుపెట్టగలరా ఎడిటర్ గారూ? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువవుతున్నాయి, మెట్రో స్టేషన్ మెట్లు ఈ ఏడు ఎక్కగలుగుతున్నారు, వచ్చే ఏడు సంగతి చెప్పలేను. కాటిసీను మళ్లీ ఎక్కడ పడుతుందో ఒక రోజు ముందు తెలిస్తే చాలు, ఆఫీసు నుంచి పెందలాడే బయల్దేరి ఆయన్ని నేను తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చందానగర్, హైదరాబాద్